అతికిన పళ్ళెం

“పుష్పా! జల్ది రా ఇటు! జల్ది!”

ఖమర్ సుల్తానా కేక భోజనాల గదిలోంచి వచ్చింది. ఆమె అరవడం ఆ ఇంట్లో కొత్తేమీ కాదు. కూరలో ఉప్పు తక్కువైతే అరుస్తుంది, సరిపోతే ఇన్నాళ్ళూ ఎందుకు సరిపోలేదని అరుస్తుంది. ఈసారి మాత్రం గొంతు వేరుగా ఉంది. వంటింట్లో బెండకాయలు తరుగుతున్న పుష్ప చాకు అక్కడే పడేసి పరుగెత్తింది.

మేడం గోడ వైపు వేలు చూపిస్తోంది. సన్నటి ఎర్రచీమల బారు అద్దాల అలమారా వెనక నుంచి బయల్దేరి, గోడ మీదుగా పాకి, పెద్ద బొమ్మ ఫ్రేము మీదికెక్కి, బొమ్మలో ఉన్న పళ్ళెం దగ్గర గుమిగూడింది.

“ఇంత ఇంట్ల వీటికి ఇంకో జాగ దొరకలేదా? గీసిన రొట్టెను నిజం రొట్టె అనుకున్నయా ఏంది?” మేడం నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. “సాయంత్రం అసర్ నమాజ్ కాంగనే ఈ బొమ్మ చూసేటందుకు గ్యాలరీ నుంచి ఆమె వస్తది. చీమలు పట్టిన తస్వీర్ చూపించాల్నా నేను?”

ఆ చీమలు ఎందుకొచ్చాయో ఆ ఇంట్లో తెలిసిన మనిషి పుష్ప ఒక్కతే.

“ఆ స్ప్రే తే. కొట్టేస్త.”

“వద్దు మేడం!” అనేసింది పుష్ప. అనేశాక తన గొంతుకు తానే ఉలిక్కిపడింది. “రంగు పోతదేమో. నేను కుంచెతోని మెల్లగ దులుపుత.”

మేడం ఆమెను ఎగాదిగా చూసింది. “నువ్వు ముట్టకు. ఎవ్వరు ముట్టొద్దని ఆమె ఫోన్ల మరీ చెప్పింది. పట్టుకపోయి ఎగ్జిబిషన్ల పెట్టే బొమ్మ అది. గోడ మీదియి తుడువు, చాలు,” అని నమాజు వేళవుతోందని మేడ మీదికి వెళ్ళిపోయింది.

పుష్ప గుడ్డ పట్టుకుని గోడ ముందు నిలబడిపోయింది.

నిజం చెప్పాలంటే, ఆ బొమ్మ ఆ ఇంట్లో ఎవరికీ అర్థమైంది కాదు. మేడం భర్త అతీఖ్ సాబ్ దాన్ని ఫ్రాన్సులో ఏదో వేలంలో పాడి తెచ్చాడు. నూరేళ్ళ నాటిదట. ఒక బల్ల, దాని మీద పళ్ళెం, చాకు, రొట్టె, కోసిన నిమ్మకాయ, గాజు గ్లాసు. అంతే. కానీ ఏ ఒక్కటీ కుదురుగా ఉండదు. గ్లాసు పైనుంచీ కనిపిస్తుంది, పక్కనుంచీ కనిపిస్తుంది. బల్ల చూసేవాళ్ళ మీదికి ఒరిగిపోతూ ఉంటుంది. పళ్ళెం రెండు ముక్కలై ఒక సగం ఇటు, ఒక సగం అటు. కొన్ని రంగుతో వేసినవి, కొన్ని కాగితం కత్తిరించి అతికించినవి. దీపాల మెరుపు పడుతోందని సాబ్ పైనున్న అద్దం కూడా తీయించేశాడు. దావత్‌కు వచ్చిన చుట్టాలు దాన్ని చూసి “మాషా అల్లా” అని, వెంటనే బిర్యానీ వైపు తిరిగేవాళ్ళు.

పుష్పకు మాత్రం మొదటి రోజు నుంచీ దాన్ని చూస్తే దడ. అన్నం పెట్టే చోట ఎవరో కోపంలో కంచం విసిరికొట్టినట్టు ఉంటుంది. పగిలిన కంచం ఇంట్లో ఉంచకూడదని జగిత్యాల పక్కన వాళ్ళ ఊళ్ళో పసిపిల్లకు కూడా తెలుసు. వీళ్ళేమో దానికి ఫ్రేము కట్టించి, కింద కూర్చుని తింటారు.

గాలిదుమారం లేచిన రోజున ఆ దడే కొంప ముంచింది. ఈ అరబ్బు దేశంలో వాళ్ళుండే అల్ ఘర్రాఫా పేట మొత్తం మట్టి రంగుకు తిరిగింది. కిటికీ సందుల్లోంచి దూరిన దుమ్ము బొమ్మ నిండా పేరుకుంది. పొడి కుంచెతో దులపమని చెప్పి ఉన్నారు, ఈమె తడిగుడ్డ పెట్టింది. అరచేతంత కాగితం ముక్క ఊడి చేతిలోకి వచ్చేసింది. సగం పళ్ళెం!

అప్పుడు పుష్ప చేసిందేమిటంటే, చిన్నప్పుడు బడి పుస్తకాలకు అట్టలు వేసినట్టు, పీర్ల పండక్కి రంగు కాగితాలు అంటించినట్టు, కుక్కర్లోంచి నాలుగు అన్నం మెతుకులు తెచ్చి, బొటనవేలితో మెత్తగా మెదిపి కాగితం వెనక రాసింది. అతికించబోతూ ఆగింది. ఊడిన చోట పెట్టడానికి మనసొప్పలేదు. కొంచెం జరిపి, రెండో సగానికి ఆనించి, అంచుకు అంచు కలిపి గుండ్రంగా కుదిర్చింది. పళ్ళెం నిండు పళ్ళెమైంది. ఆమె ప్రాణం కుదుటపడింది. ఆ రోజు నుంచి ఇంటిల్లిపాదీ దాని కిందే తింటున్నారు, ఒక్కరి కంటా పడలేదు.

ఇప్పుడు చీమల కంట పడింది.

*

పుష్ప మొగుడు గజేందర్ గేటు దగ్గర సాబ్ బండి కడుగుతున్నాడు. పుష్ప పెరటి తలుపు తీసుకుని పరుగులాంటి నడకతో వచ్చేసరికి పైపు కట్టేశాడు.

“ఏమైందే? మొకం గట్ల పాలిపోయింది?”

ఆమె చెప్పింది. మొదలు నుంచి, ఎక్కడా ఆగకుండా, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. అతను వింటూ చేతిలోని గుడ్డను పిండాడు. నీళ్ళు కారడం ఆగిపోయాక కూడా పిండుతూనే ఉన్నాడు.

“అన్నం మెతుకులతోనా?” అన్నాడు చివరికి.

“ఊఁ.”

“గా బొమ్మకు సాబ్ ఇన్సూరెన్స్ కట్టిండే, మనకు కట్టలే.” గుడ్డను బకెట్లోకి విసిరాడు. “అప్పుడే నాకెందుకు చెప్పలే?”

“చెప్తే ఏం చేస్తుంటివి? గిట్లనే అరుస్తుంటివి.”

“అరుస్తుంటి. అరిచి, ఏదన్న తొవ్వ చూస్తుంటి.”

గేటు పక్కన వాళ్ళ గది తలుపు తెరిచి ఉంది. ఒక మంచం, ఒక స్టవ్వు, గోడకు మేకుల మీద అతని చొక్కా పక్కన ఆమె చీర. పెళ్ళయిన నెలకే అతను ఈ దేశంలోని కూలీల క్యాంపుకు వచ్చేశాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి పుష్పకు మొగుడంటే ఫోన్లో గొంతు, ఎప్పుడో ఒకసారి ఊళ్ళో దిగే సూట్‌కేసు. నిరుడు అతీఖ్ సాబ్ “నీ భార్యను వంటకు తెచ్చుకో” అని తనే వీసా ఇస్తే, ఈ గదిలో వాళ్ళ కాపురం మొదలైంది. వీసా ఇచ్చిన చెయ్యే వెనక్కి లాక్కుంటే, మళ్ళీ అతనిక్కడ, తనక్కడ.

“మేడంకు చెప్పేస్త. కాళ్ళు పట్టుకుంట,” అంది.

“పిచ్చి లేసిందా నీకు? క్యాంపుల నాతోని ఉన్న భూమేష్ గట్లనే కాళ్ళు పట్టుకుండు. మంచోడు, చేసింది ఒప్పుకుండు. ఏమైంది? కేసు తేలేదాక ఇంటికి పోనియ్యలే, పని చెయ్యనియ్యలే. అయ్య సచ్చిపోతే ఫోన్లనే ఏడ్సిండు. నువ్వు గూడ గట్లనే ఏడుస్తవా?”

“మరి పీకి, ఉన్నకాడ పెడుదమా?”

“ఏడ ఉండె?”

పుష్ప కళ్ళు మూసుకుని ఆలోచించింది. “చాకు కింద ఉండెనో... నిమ్మకాయ పక్కకుండెనో. నాకు యాదికొస్తలేదయ్యా. పలిగి ఉండె. గంతే యాదికున్నది.”

“బొమ్మల కంచం పలిగిందని భయపడి, మన సంసారం పలగ్గొడ్తివి గదనే!”

ఆ మాటకు ఆమె తలెత్తి చూసింది. కళ్ళల్లో నీళ్ళున్నాయి కానీ గొంతు గట్టిగానే వచ్చింది. “మన గురించే అతికించిన. ఇంట్ల పలిగిన కంచముంటే మొగడు పెండ్లాలు యెడమైతరని మా అమ్మ చెప్పేది. ఇప్పుడిప్పుడే ఒక్కకాడికొచ్చినం. దినాం మూడు పూటల దాని కిందికెళ్ళే పళ్ళాలు మోసిన. నాకు భయం గాదా?”

గజేందర్ కోపమంతా ఎక్కడికి పోయిందో పోయింది. తడి చేతులు ప్యాంటుకు తుడుచుకుని, ఆమె నుదుటి మీది చెమటను మణికట్టుతో తుడిచాడు.

“లోపటికి పో. ఏమడిగినా ‘నాకెరుక లేదు’ అను. ఇంకో మాట మాట్లాడకు. మిగిలింది నేను చూసుకుంట.”

“ఏం చూసుకుంటవ్?”

గేటు బయట తెల్ల కారొకటి ఆగి హారన్ కొట్టింది.

*

గ్యాలరీ నుంచి వచ్చినావిడ లెబనాన్ మనిషి. నెరిసిన జుట్టు, మెత్తటి నడక. చేతులకు తెల్ల తొడుగులు వేసుకుని, కళ్ళకు భూతద్దం తగిలించుకుని, చిన్న టార్చి వెలిగించి బొమ్మను అంగుళం అంగుళం చూస్తోంది. చీమలను చూసి ముఖం చిట్లించింది.

పుష్ప టీ కప్పులు పెట్టి కూడా అక్కడే నిలబడిపోయింది. మేడం కళ్ళతోనే కసిరింది.

వచ్చినావిడ తన ట్యాబ్ తీసింది. అందులో వేలం రోజున తీసిన ఫొటో ఉంది. దాన్ని బొమ్మ పక్కన పట్టుకుని, ఇటు చూసి, అటు చూసి, ఖమర్ సుల్తానాను దగ్గరికి రమ్మంది. ఫొటోలో పళ్ళెం రెండు ముక్కలు. గోడ మీద నిండు పళ్ళెం.

మేడం ముఖంలో నెత్తురు చుక్క లేదు. “యా అల్లా! దినాం దీని కిందనే తింటున్నం. నేనెట్ల చూడలే?” అని తనలో తాను గొణుక్కుంది. చూసుకోలేదన్న సిగ్గు కోపంగా మారడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఆవిడ సన్నటి పట్టుకారుతో కాగితం అంచు నుంచి ఎండిన పొక్కులాంటి దాన్ని తీసి, తెల్ల కాగితం మీద పెట్టి, భూతద్దంలో చూసింది.

“రైస్,” అంది.

ఆ ఇంగ్లీషు మాట పుష్పకు తెలుసు. అక్కడి నుంచి వాళ్ళిద్దరి మధ్య నడిచిన సంభాషణ అర్థం కాలేదు. మధ్య మధ్య ‘ఇన్సూరెన్స్’, ‘పోలీస్’ అనే మాటలు మాత్రం చెవిన పడ్డాయి.

మేడం ఆమె వైపు తిరిగింది. అరవలేదు.

“పుష్పా. ఎవరు చేసిండ్రో, ఏ దినం చేసిండ్రో ఈమెకు తెల్వాలె. ఎన్ని దినాలు ఆరిందో తెలిస్తేనే దాన్ని ఊడదీయొచ్చో లేదో చెప్తదంట. తెల్వకుంటే కావాల్నని ఖరాబు చేసిండ్రని రాస్తదంట. పోలీసులొస్తరు. అన్నం వండేది నువ్వు. చెప్పు.”

“నాకె... నాకెరుక...”

అబద్ధం నాలుక మీదికి వచ్చింది కానీ పెదవి దాటలేదు. చెప్పేద్దాం, ఏదైతే అదవుతుంది, కాళ్ళ మీద పడిపోదాం అనుకుంది. మోకాళ్ళు వంగుతున్నాయి కూడా.

“నేను చేసిన మేడం.”

ఆ మాట వెనక నుంచి వచ్చింది. పుష్ప గిర్రున తిరిగింది. గజేందర్ వంటింటి గుమ్మం దాటి భోజనాల గదిలో నిలబడి ఉన్నాడు. సామాన్లు తెస్తే గుమ్మం బయట పెట్టి పోవడమే తప్ప డ్రైవర్ ఆ గడప దాటగా ఆమె ఎన్నడూ చూడలేదు. మేడం చున్నీని చప్పున తల మీదికి లాక్కుంది.

“నువ్వా?”

“నేనే. పుష్పకేం తెల్వది. దుమ్మున్నదని తుడిచిన, ముక్క ఊడింది. భయపడి అన్నంతోని అంటించిన.”

“నీకు లోపట ఏం పని?”

“ఏసీ కాడ నీళ్ళు కారుతుంటె చూద్దామనొచ్చిన.”

“ఎప్పుడు?”

పుష్ప వద్దు వద్దని కళ్ళతో మొత్తుకుంటోంది. అతను చూడలేదు, చూడదలుచుకోలేదు. వచ్చినావిడ కలం పట్టుకుని ఎదురుచూస్తోంది. గజేందర్ నుదురు ముడివేసి ఒక్క క్షణం ఆలోచించాడు. పుష్ప మీదికి ఎవరి వేలూ పోని రోజు కావాలి అతనికి.

“పుష్ప ఇంట్ల లేని దినం మేడం. దోస్తు రాణి కొడుక్కు పేరు పెడుతుంటె ఈమె అల్ వక్రాకు పోయె గద, గా శుక్రవారం. సాబూ మీరూ అల్ షహానియాకు ఒంటెల పందాలు చూసేటందుకు పోయిండ్రి. సాబే బండి నడిపిండు. నేనిక్కడనే ఉంటి.”

చెప్పి, తలుపుకు గడియ పెట్టి వచ్చినవాడిలా ఊపిరి వదిలాడు. తన పెళ్ళానికి ఇక భయం లేదనుకున్నాడు పాపం.

పుష్ప గుండె ఆగినంత పనైంది. ఆ శుక్రవారం అల్ వక్రాకు బయల్దేరేముందు తను రెండు పరోటాలు చేసి, మూత పెట్టి, మేడ మీదికి వెళ్ళి చెప్పి వచ్చింది. పరీక్షలున్నాయని ఆ ఇంటి ఆడపిల్ల పందాలకు వెళ్ళలేదు. గజేందర్‌కు ఆ సంగతి తెలియదు.

“ఇంట్ల ఎవ్వరు లేకుండిరి మేడం,” అన్నాడు గజేందర్ ఇంకా గట్టిగా.

“ఎవ్వరు లేకుండిరా?”

“లేకుండిరి.”

ఖమర్ సుల్తానా బొమ్మ వైపు చూడడం మానేసింది.

“మెహ్విష్ ఉండె,” అంది. “నా బిడ్డ ఒక్కతే ఉండె ఇంట్ల.”

గజేందర్‌కు ఆ మాట మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అతని ముఖం చూడలేకపోయింది పుష్ప. అతను తెలియకుండానే ఒక అడుగు వెనక్కి, వంటింటి గడప వైపు వేశాడు.

“అబద్ధం మేడం! ఈయన చెప్పేది అబద్ధం!” పుష్ప మేడం కాళ్ళ దగ్గర కూలబడింది. “నేను చేసిన. గాలిదుమారం దినం తడిగుడ్డతోని తుడిచిన. అన్నం నేనే తెచ్చిన. ఈయన లోపటికే రాలే. ఎన్నడు రాలే. నా బొట్టు మీద ఒట్టు.”

“ఇందాక అడిగితే నోట్ల నాలిక లేదు నీకు. ఇప్పుడొచ్చిందా?”

“భయపడ్డ మేడం. నిజంగ భయపడ్డ.”

“మొగన్ని కాపాడుకునేటందుకు చెప్తున్నవ్.” మేడం గొంతులో కోపం కూడా లేదు, అదే ఎక్కువ భయపెట్టింది. “నీ జాగల నేనుంటే నేను గూడ గిట్లనే చెప్తుంటి. లే.”

“ఆయన కాపాడబోయిండు మేడం, నేను కాదు...”

“లే అన్న.”

పుష్ప లేచింది. దాచిన నిజాన్ని చివరికి నలుగురి ముందూ చెప్పేసింది, నమ్మడానికి ఒక్కరు లేరు. వచ్చినావిడకు తెలుగు రాదు. ఆమె ఇంగ్లీషులో ఏదో అడిగితే మేడం ఆగమన్నట్టు చెయ్యెత్తి, మెట్ల వైపు తిరిగింది.

“మెహ్విష్! కిందికి రా!”

పై నుంచి అడుగుల చప్పుడు దిగింది. కాలేజీ పిల్ల, మెడలో ఇయర్‌ఫోన్లు వేలాడుతున్నాయి. రోజూ “పుష్పక్కా, చాయ్” అంటూ వంటింట్లో దూరి గిన్నెలన్నీ కెలికే పిల్ల. సగం మెట్ల మీదే ఆగి, కిందున్న ముఖాలను చూసింది.

“క్యా హువా, అమ్మీ?”

“ఆ శుక్రవారం మేము అల్ షహానియాకు పోతే నువ్వు ఇంట్ల ఉంటివి గద. గజేందర్ లోపటికొచ్చిండా?”

లేదు అంటే చాలు. ఒక్క మాట. చెప్పు తల్లీ, చెప్పు, అని పుష్ప లోలోపల రెండు చేతులూ జోడించింది.

మెహ్విష్ తల్లిని చూసింది. గజేందర్‌ను చూసింది. మెట్ల కమ్మీ మీద ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి. ఆ పిల్ల కళ్ళల్లో బెదురు పుష్పకు కొత్త కాదు. ఏదో దాచుకుని, అది బయటపడుతుందేమోనని వణికే మనిషి బెదురు అది. ఇన్నాళ్ళూ తను మోసిందీ అదే. ఆ శుక్రవారం ఈ పిల్ల ఎక్కడుంది? ఇంట్లోనే ఉందా అసలు?

“నాకు... యాదికి లేదు, అమ్మీ.”

“యాదికి లేదా? లోపటికి మగమనిషొస్తే యాదికి లేదా?”

మెహ్విష్ తల వంచుకుంది. “బిడ్డా, నేను రాలేదమ్మా, చెప్పమ్మా...” అంటూ గజేందర్ ఒక అడుగు ముందుకు వేసి, ఆగిపోయాడు. వచ్చానని నలుగురి ముందూ తనే చెప్పాడు కదా.

ఖమర్ సుల్తానా బల్ల మీద ఫోను తీసి భర్తకు కలిపింది. వెంటనే ఇంటికి రమ్మని ఉర్దూలో చెప్పింది. అవతల అతీఖ్ సాబ్ బొమ్మకేమైందని అడిగినట్టున్నాడు.

“తస్వీర్ గురించి కాదు,” అంది ఆమె, గజేందర్ మీది నుంచి చూపు తిప్పకుండా.